ఇంట చెప్పులు కుట్టరాదా?

చదువుకొన్న గృహస్థుల వసారాలలో నేడు లేని పరిశ్రమ లేదు. ఒక మూల కుట్టుమిషను. దాని ప్రక్క క్రొవ్వొత్తుల అచ్చులు. మేడమీద పుట్టగొడుగుల పెంపకము. వంటయింటిలో ఊరగాయలు జాడీల నుండి సీసాల కెక్కి, సీసాల నుండి అట్టపెట్టెల కెక్కి, సముద్రములు దాటి అమెరికాకు పోవుచున్నవి. పెద్ద చదువులు చదివిన ఆడుబిడ్డలు కుమ్మరి సారె ముందు కూర్చుండి మట్టి పిసుకుట నేర్చుకొని, తాము చేసిన పిడత వంకరగా వచ్చినను దానిని అద్దాల బీరువాలో నుంచి, వచ్చినవారి కెల్ల చూపుచున్నారు. ఇవి యన్నియు మంచి పనులే. చేతిపని యన్నంతనే ముఖము త్రిప్పుకొనిన తాతలనాటి గర్వము ఇట్లు కరగుట చూచి సంతసింపని సంస్కారి యుండడు. అయినను నేనొక ప్రశ్న యడుగుచున్నాను. ఈ వసారాలలో నొక్కదానియందైనను చెప్పులు కుట్టు పీట కలదా?

లేదు. ఊరగాయ లేక భోజనము చేయవచ్చును. క్రొవ్వొత్తి లేక ప్రొద్దు గడపవచ్చును. చెప్పు లేక మాత్రము మనలో నెవరును గడప దాటరు. నలుగురున్న యింటిలో చెప్పుల జతలు పదికి తక్కువ నుండవు. దినదినము అరుగు వస్తువు, తెగు వస్తువు, పిల్లవాని కాలు పెరిగిన కొలది మరల మరల కావలసిన వస్తువు. ఇంతటి యావశ్యకమైన వస్తువును చేయు విద్యకు మన యిండ్లలో చోటు దొరకకుండుటకు కారణమేమి? అడిగినచో మూడు సమాధానములు వచ్చును: స్థలము చాలదు, పెట్టుబడి లేదు, పని రాదు. ఈ మూటిని ముందుగా పరీక్షించి, పిమ్మట ఎవరును చెప్పని నాలుగవ సమాధానమునకు వత్తము.

స్థలము మాట. ఎనిమిదడుగుల వెడల్పు, పదియడుగుల పొడవు, గాలి వచ్చు కిటికీ యొకటి, ఎడమ ప్రక్కనుండి పడు వెలుతురు. ఇంతకంటె నక్కఱలేదు. పని కూర్చుండి చేయునది. పెద్ద యంత్రమేదియు నుండదు. తోలు చుట్టలు గోడకు ఆనించి నిలువవచ్చును. మన యిండ్లలో విఱిగిన కుర్చీలకును, చదివి కట్టలు కట్టిన పత్రికలకును ఇంతకంటె నెక్కువ చోటు దొరకుచున్నది.

పెట్టుబడి మాట. తోలు కోయుటకు రంపె. రంధ్రము చేయుటకు ఆరె. మొన మొద్దుగా నుండు సూదులు నాలుగు. వెడల్పైన ముఖము గల సుత్తి. తోలును లాగి పట్టుటకు పటకారు. కోయునపుడు క్రింద నుంచుకొనుటకు దళసరి కొయ్యపలక. కొట్టునపుడు ఆధారముగా నునుపైన రాయి గాని, మూడు వైపుల మూడు పరిమాణముల పాదములు గల ఇనుప దిమ్మె గాని. రంపెకు పదును పెట్టుటకు సానరాయి. దారమునకు తేనెమైనము. ఇవి యన్నియు చేరి మూలనున్న కుట్టుమిషను వెలకు చాలవు. తోలుకుట్టు యంత్రము మొదటి యేడు అక్కఱయే లేదు. చేతికుట్టు రానివాని కింట యంత్రమున్నను అది తప్పును వేగముగా చేయుటకు మాత్రమే పనికివచ్చును.

పని మాట. ఇది నిజముగా విద్యయే. ఒక్కనాటిలో వచ్చునది కాదు. కాని దాని మొదటి పాఠములు వంట నేర్చుకొనుటకంటె కఠినములు కావు. కాలి కొలతను సాయంకాలము తీయవలెను. పగలంతయు తిరిగిన పాదము ఉదయముకంటె కొంచెము ఉబ్బియుండును. కూర్చుండినవాని కాలు కొలువరాదు. నిలుచుండినపుడు బరువు పడి పాదము పొడవును వెడల్పును పెరుగును. రెండు కాళ్లును కొలువవలెను. సరిగా సమానమైన పాదములు గలవారు అరుదు. కాగితముపై కాలు నిలిపి, పెన్సిలును నిట్టనిలువుగా పట్టి గీత గీసినచో మొదటి నమూనా సిద్ధమగును. బూటు కుట్టుటకు కొయ్య అచ్చు కావలెను గాని, మన దేశపు చెప్పునకు అదియు నక్కఱలేదు. అడుగు, దానిపై మెత్తని పొర, పై పట్టీ, బొటనవ్రేలికి ఉంగటము: ఇంతియే.

తోలు తెలిసికొనుట రెండవ పాఠము. ఒకే చర్మములో వెన్ను ప్రక్క భాగము గట్టిది. పొట్ట భాగము వదులైనది, సాగునది. అడుగు తోలును నడుము వెనుక భాగమునుండి కోయవలెను. పట్టీలను వెన్నెముక పొడవునకు సమాంతరముగా కోయవలెను. అడ్డముగా కోసినవి నెల దాటకముందే సాగి చెప్పు వదులగును. అడుగునకు నాలుగైదు మిల్లీమీటర్ల మందము, పట్టీకి రెండు మిల్లీమీటర్ల మందము చాలును. అడుగు అంచున సన్నని గాడి కోసి కుట్టును దానిలో దింపినచో నేల రాపిడికి దారము తెగదు. ఒకే దారమునకు రెండు కొనల రెండు సూదులు గ్రుచ్చి, ఒకే రంధ్రమున ఎదురెదురుగా దూర్చి లాగినచో ఒక కుట్టు తెగినను తక్కినవి నిలుచును; యంత్రపు కుట్టునకు ఈ గుణము లేదు. తడిసిన చెప్పును ఎండలో పెట్టరాదు. నీడను ఆఱబెట్టి ఆముదము రాయవలెను. ఈ సంగతి మన పల్లెలలో ప్రతి కాపునకును తెలియును.

రెండు హెచ్చరికలు. మొదటిది: తోలు ఊనుట యింటిలో చేయుపని కాదు. సున్నము, తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో వారముల తరబడి నానబెట్టు పనికి నీరును, మురుగు పోవు దారియు, వేఱు స్థలమును కావలెను. నేటి తోలులో అధికభాగము క్రోమియము లవణములతో ఊనబడుచున్నది. ఆ నీటిని వీథి కాలువలో వదలుట నేరము. ఊనిన తోలును కొనుడు. చెట్ల చెక్కలతో ఊనినది దొరకిన మఱింత మంచిది. రెండవది: అంగడిలో దొరకు జిగురులలో పెక్కింట టొలుయీను, హెక్సేను వంటి ద్రవములు కలిసియుండును. మూసిన గదిలో వానిని ఏండ్ల తరబడి పీల్చిన చెప్పుల కార్మికులకు కాళ్లు చేతుల నరములు చచ్చుబడిన సంగతి ఇటలీ, జపాను దేశముల వైద్యులు వ్రాసియుంచిరి. కిటికీ తెఱచి యుంచుడు. పిల్లలను దూరముగా నుంచుడు. కుట్టు చాలినచోట జిగురు వాడకుడు.

ఈ శ్రమ యెందులకు, అంగడిలో చవుకగా దొరకుచున్నవి గదా యందురు. అంగడి చెప్పు సగటు మనుష్యుని కొఱకు కుట్టబడినది. సగటు మనుష్యుడు ఎవరి యింటను లేడు. మీ యింట నున్నది మధుమేహముచే పాదములలో స్పర్శ తగ్గిన తండ్రిగారు. వారికి చెప్పు కఱచినను తెలియదు. తెలియనందుననే చిన్న పొక్కు పుండగును, ఆ పుండే కొందఱి కాలు తీసివేయు వఱకు పోవును. 1946లో వెల్లూరికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠురోగుల స్పర్శలేని పాదములను పరిశీలించి, వారికి మందు ఎంత ముఖ్యమో సరియైన చెప్పు అంత ముఖ్యమని గ్రహించెను. సూక్ష్మరంధ్రములు గల మెత్తని రబ్బరు అడుగు, మేకు కొట్టని కుట్టు, వెనుక పట్టీ: ఈ చెప్పు వెల్లూరు, కరిగిరి వైద్యశాలలలో చికిత్సలో నొక భాగమయ్యెను. పుండు పడినవారు వైద్యుని చూడవలసినదే. పుండు పడకుండ కాపాడుకొనవలసినవారి పాదమును నెలకొకసారి చేతిలోనికి తీసికొని కొలిచి చూచు కొడుకో కోడలో ఇంట నుండిన నెంత మేలో ఆలోచింపుడు.

ఇంట చెప్పులు కుట్టుట లోకమున వినని విషయమును కాదు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు లిన్ పట్టణము 18, 19 శతాబ్దములలో చెప్పులకు పేరుగన్నది. అక్కడ ఇంటి పెరటిలో సుమారు పదియడుగుల చదరపు కొట్టు నొకదానిని కట్టుకొని, దానిని ‘పదియడుగుల కొట్టు’ అనియే పిలిచెడివారు. పురుషులు అందులో అడుగులు కుట్టగా, స్త్రీలు వంటయింటిలో పైభాగములు కుట్టెడివారు. ఆ పట్టణమునకే సురినాము దేశమునుండి నల్లజాతి యువకుడొకడు వచ్చెను. వాని పేరు జాన్ మాట్జెలిగర్, పుట్టినది 1852లో. పై తోలును అచ్చుమీద లాగి బిగించు పని యంత్రమునకు సాధ్యము కాదని అందఱును అనుచుండగా, 1883లో దానికి యంత్రము కనిపెట్టి హక్కుపత్రము పొందెను. దినమునకు ఏబది జతలు బిగించు చోట ఆ యంత్రము నూటయేబది మొదలు ఏడు వందల జతల వఱకు బిగించెను. అతడు పూజకై పోగా ఆ యూరి తెల్లవారి దేవాలయములు పెక్కు అతనిని లోనికి రానీయలేదు. 1889లో ఆతడు క్షయచే మరణించెను. అతని యంత్రము బిగించిన బూట్లు తొడుగుకొని ఆ దేవాలయములకు పోయినవారు మాత్రము పోవుచునే యుండిరి. ఈ కథ విన్నపుడు మనకు ఎక్కడనో విన్నట్లు తోచుటలేదా?

ఇక నాలుగవ సమాధానము. స్థలము కలదు, డబ్బు కలదు, నేర్చుకొనవచ్చును; అయినను ఇంట పీట వేయము. ఎందుచేతననగా, అది మాదిగల పని. దీనిని బయటికి అనుటకు నేడు మనకు సిగ్గు. అందుచేత దానికి శుచి యని పేరు పెట్టితిమి, వాసన యని పేరు పెట్టితిమి, పిల్లల యారోగ్య మని పేరు పెట్టితిమి.

తోలు అశుచియా? ఉపనయనమున వటువునకు కృష్ణాజినము కట్టునపుడు అది తోలు కాదా? పులితోలుపై కూర్చుండిన తపస్సు భగ్నమగునా? మృదంగమునకు రెండు వైపుల మూయునది ఆవు, మేక, ఎనుము చర్మములే. ఆ మృదంగములను చేయు దళిత కుటుంబముల చరిత్రను టి. ఎం. కృష్ణగారు 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథముగా వ్రాయు వఱకు, సభలలో ముందు వరుసను కూర్చుండి తల యూపిన రసికులలో ఆ చేతులను తలంచినవారెందఱు? భరతుడు పదునాలుగేండ్లు సింహాసనముపై నుంచి పూజించినవి పాదుకలు. దేవాలయమున శఠగోపము పేర మన తలపై మోపించుకొనునవియు పాదుకలే. అవి కొయ్యవి, లోహపువి గదా యని మీరనవచ్చును. అగుగాక. పాదరక్షను తలపై ధరించుటకు జంకనివారము, దానిని ఒడిలో నుంచుకొని కుట్టుటకు జంకుట యేమి?

పెండ్లిలో క్రొత్త దంపతులకు అరుంధతిని చూపుదుము. ఆ యరుంధతి తమ యాడుబిడ్డయని మాదిగలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అరుంధతీయులని వారికి పేరు. 1941లో గుఱ్ఱం జాషువాగారి ‘గబ్బిలము’లో గోడు వినిపించుకొనువాడు ఆ సంతతివాడే. మన కన్యలు సుమంగళులుగా నుండుటకు ఆమె నక్షత్రము కావలెను. ఆమె పుట్టినిల్లు మాత్రము ఊరి వెలుపల నుండవలెను. ఇంతకంటె విచిత్రమేమనగా, ఊరందఱకును చెప్పులు కుట్టి యిచ్చినవాడు తాను కుట్టుకొనిన చెప్పులను పై కులముల వీథిలో తొడుగుకొనరాదు; చేత పట్టుకొని నడువవలెను. రాజ్యాంగపు 17వ అధికరణము 1950లో అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానిని శిక్షించు చట్టమును వచ్చెను. చట్టము వీథి వఱకు వచ్చినది. వసారా మెట్లెక్కుట దానికి చేత కాలేదు. అది మనము ఎక్కింపవలసినది.

ఇతరులను నిందించుటకు ముందు నా సంగతి చెప్పుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట నేనును ఇంట చిన్న కర్మశాల పెట్టుకొన దలచితిని. పుస్తకములు చదివితిని, పనిముట్లు కొంటిని. చేతికి గాయములు తప్ప చెప్పు రాలేదు. మా వీథి మొగను చెట్టు క్రింద కూర్చుండు వృద్ధుని పిలిచితిని. ఎట్లు పిలిచితిని? “ఏమోయ్, రేపొకసారి ఇంటికి రా” యని. నాకంటె ఇరువదియేండ్లు పెద్దవాడు. మా పిల్లకు వీణ చెప్పు పంతులుగారికి కబురంపునపుడు నేను వాడు భాష వేఱు. మఱునాడు వచ్చి, మెట్ల క్రింద నిలిచి, “ఇక్కడే కూకుంటానయ్యా” అనెను. నేనును కూర్చుండనిచ్చితిని. నేను పై మెట్టున, నాకు చదువు చెప్పువాడు క్రింద! కాఫీ వచ్చినది. నాకు వెండి గ్లాసు. వారికి పాఱవేయుటకు వీలైన కాగితపు గ్లాసు. ఇంటిలో నెవరును ఈ యేర్పాటు చేయుమని చెప్పలేదు. చెప్పనక్కఱ లేకపోవుటయే దాని బలము.

“అయ్యా, పెద్ద చదువులు చదివినారు, మీకెందుకండీ ఈ పని?” యని వారు రంపెకు సాన పెట్టుచు అడిగిరి. నేర్చుకొనవలెనని కోరికయని చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, “మా మనవడు నేర్చుకోనన్నాడండి. ఈ పని చేస్తే బడిలో పక్కన కూర్చోనివ్వరంట. మీరు నేర్చుకుంటే మీ పక్కన కూర్చోకుండా పోయేవాళ్లుంటారా?” యని నవ్విరి. ఆ నవ్వులో కోపము లేదు. అందుచేతనే నాకు సమాధానము దొరకలేదు. నేను కుట్టినచో అది ముచ్చట. వారు కుట్టినచో అది కులము. పని యొకటియే, తోలు ఒకటియే, ఆరె ఒకటియే. ఆ మఱునాడు వారిని లోనికి పిలిచి, నా కుర్చీ ప్రక్క కుర్చీ వేసి, ఇంటి గ్లాసుతో కాఫీ యిచ్చితిమి. దీనిని గొప్పగా చెప్పుకొనుటలేదు. మొదటి దినము చేయకపోవుటయే చెప్పుకొనుచున్నాను. నెల తిరుగకముందే ఇంటి యజమాని వచ్చి, “తోలు పని అయితే ఇల్లు ఖాళీ చేయండి, ఇరుగుపొరుగువారు ఏమనుకుంటారు?” అనెను. అదే వసారాలో అంతకుముందు చేపలతొట్లు పెట్టినపుడు, వాని నీరు కంపు కొట్టినపుడు, ఆయన నోరు తెఱవలేదు. ఇల్లు మాఱితిమి. పీట మాఱలేదు.

ఇచట మన జాతీయోద్యమ చరిత్రలో నొక చిత్రమును జ్ఞాపకము చేయవలెను. గాంధీగారు రాట్నమును చేపట్టుటకు ముందే చెప్పులు కుట్టుట నేర్చిరి. 1910లో దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గు దగ్గఱ టాల్‌స్టాయి క్షేత్రము నెలకొల్పినపుడు, వారి మిత్రుడు కాలెన్‌బాకు మేరియన్‌హిల్‌లోని క్రైస్తవ సన్న్యాసుల మఠమునకు పోయి ఆ విద్య నేర్చుకొనివచ్చి తక్కినవారికి నేర్పెను. తాము చేసిన చెప్పుల జతను గాంధీగారు 1914లో దేశము వీడునపుడు, తమ్ము చెఱసాలలో నుంచిన జనరల్ స్మట్సునకే కానుకగా పంపిరి. స్మట్సు వానిని పెక్కు వేసవులు తొడిగి, 1939లో గాంధీగారి డెబ్బదవ జన్మదినమునకు, అంతటి మహనీయుని చెప్పులలో నిలువ దగనని చెప్పి తిరిగి పంపెను. రాట్నము వారి చేతికి వచ్చినది 1917 పిమ్మట. మన మేమి చేసితిమి? రెండవదానిని తలకెత్తుకొంటిమి, మొదటిదానిని మఱచిపోతిమి. పొందూరు నూలు వేదికలెక్కినది. రాట్నము జెండాపై నెక్కినది. బ్రాహ్మణ వితంతువు మొదలు బారిష్టరు వఱకు నూలు వడికిరి. ఆరె పట్టినవారెందఱు? గురువు రెండు పాఠములు చెప్పగా కులమునకు అడ్డురాని పాఠమును మాత్రమే నేర్చుకొనిన శిష్యులము మనము.

ఇక ఆక్షేపణలు. అహింసావాదులు కొందఱు, తోలు హింస గదా యందురు. మన పల్లెల చెప్పుల తోలు చాల కాలము తమంతట చచ్చిన పశువులదే. నేటి తోలంతయు అట్టిది కాదను మాటయు నిజమే. అహింస మీ మతమైనచో గుడ్డతో, జనపనారతో, రబ్బరుతో కుట్టుడు. ఆరెయు దారమును అవియే. తోలు మానియు చెప్పు కుట్టుటకు చేయి రానిచో, అడ్డువచ్చినది పశువుపై దయ కాదు, మనుష్యునిపై ఏవగింపు. 2016 జూలైలో గుజరాతులోని ఊనా ప్రాంతమున చచ్చిన ఆవు చర్మమొలుచుచుండిన దళిత యువకులను కట్టి కొట్టిరి. అది గోవుపై దయయా? పిమ్మట ఆ రాష్ట్రపు దళితులు పశువుల కళేబరములను తెచ్చి ప్రభుత్వ కార్యాలయముల ముందు పడవేసి, మీ గోమాతకు మీరే అంత్యక్రియలు చేసికొనుడనిరి. ఆ ప్రశ్నకు ఇంకను ఎవరును బదులు చెప్పలేదు.

రెండవ యాక్షేపణ గట్టిది. దానికి తల వంచి సమాధానము చెప్పవలెను. “మీరును కుట్ట మొదలుపెట్టినచో వారి పొట్ట కొట్టినట్లు కాదా?” యందురు. ఈ భయము నిరాధారము కాదు. లాభము కనబడిన చేతిపనుల నెల్ల డబ్బు గలవారు చేజిక్కించుకొని, పుట్టించినవారిని కూలీలుగా చేసిన కథలు మన దేశమున లెక్కకు మిక్కిలి. 2025 జూనులో ఇటలీ దేశపు ప్రాడా సంస్థ కొల్హాపురి చెప్పులను పోలినవానిని మిలాను పట్టణపు ప్రదర్శనలో, వాని పుట్టుక చెప్పకుండ చూపినపుడు మన పత్రికలన్నియు మండిపడినవి. పిమ్మట ఆ సంస్థ వాని మూలమును ఒప్పుకొనెను. కోపము న్యాయమే. ఆ చెప్పునకు 2019లో మహారాష్ట్ర, కర్ణాటకములకు కలిపి భౌగోళిక గుర్తింపును కలదు. కాని ఆ కోపము వెళ్లగ్రక్కినవారిలో, ఆ చెప్పు కుట్టినవాని పేరు తెలిసినవారెందఱు? వాని భార్య పట్టీల జడలు అల్లునని యెఱిగినవారెందఱు? విదేశీయుడు పేరు చెప్పకుండ తీసికొనిన దొంగతనము. మనము వేయి యేండ్లు పేరు పలుకకుండ తొడిగికొనుట సంప్రదాయమా?

మూడవ యాక్షేపణ వేఱు దిక్కునుండి వచ్చును. “ఆ పనిని వదలించుకొనుటకే గదా వారు పోరాడుచున్నారు! 1927లో మహద్ సభలో అంబేద్కరుగారు చచ్చిన పశువులను మోయుట మానుడని బోధించిరి గదా! మరల ఆ పనిని పొగడుట యేల?” యని. నిజము. మాదిగ పిల్లవాడు డాక్టరు కావలెను, న్యాయాధిపతి కావలెను. వానిని పీటకు కట్టివేయుమని అడుగు హక్కు నాకు లేదు, ఎవరికిని లేదు. 1994లో దండోరా ఉద్యమము పుట్టిన పిమ్మట తమ పేరుల చివర మాదిగయని గర్వముతో వ్రాసికొనుచున్న ఆ జనులకు ఏది గౌరవమో నేను చెప్పనక్కఱలేదు. నా మాట వారితో కాదు, మనతో. ఒక పనిని ఒక కులమే చేయుచున్నంతకాలము అది కులపు గుఱుతుగానే యుండును. వారు దానిని వదలిపోవుట సగము విడుదల. మనము దానిని చేపట్టుట తక్కిన సగము. వదలినవానిని “ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడు” అని వెనుకనుండి అను నోరు, మన చేతికి ఆరె వచ్చినపుడు గాని మూతపడదు.

కాబట్టి ఇంట కర్మశాల పెట్ట దలచినవారికి పనిముట్ల పట్టికకంటె ముఖ్యమైన నియమములు కొన్ని కలవు. విద్యను ఆ వృత్తి యెఱిగినవారి యొద్దనే నేర్చుకొనుడు. సంగీతపు గురువునకు ఎంత యిత్తురో అంతయు, ఎట్లిత్తురో అట్లే యిండు. మెట్ల మీద కాదు, లోపల. నీవు కాదు, మీరు. వేఱు గ్లాసు కాదు, ఇంటి గ్లాసు. పిల్లలచేత తాతగారూ యని పిలిపింపుడు. అమ్మకమునకు దిగినచో వారిని కూలికి కాక వాటాకు చేర్చుకొనుడు. పెట్టె మీద మీ పేరుండిన వారి పేరును ఉండవలెను. నాలుగిండ్లవారు కలిసి యొక్క గది పెట్టుకొనిన మఱింత సులభము. పెద్ద చదువుగా నేర్వదలచిన యువజనులకు 1948లో చెన్నపట్టణమున నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ కలదు. పాదరక్షల విద్యాసంస్థ హైదరాబాదులోను కలదు. మీ పిల్ల ఇంజనీరింగు కాక ఆ విద్యకు పోదునన్ననాడు ఇంటిలో ఏడ్పులు పుట్టకుండ చూచుకొనుడు. ఆ యేడ్పే మన సంస్కరణమునకు గీటురాయి.

మొదటి జత అమ్మకమునకు కాదు. మొదటి జత మీ యింటి పెద్దవారి కాళ్లకు. వారి పాదమును చేతిలోనికి తీసికొని, కాగితముపై నిలిపి గీత గీయుడు. అది వంకరగా వచ్చును, కుట్లు ఎగుడుదిగుడుగా నుండును, వారు నవ్వుదురు. వంకర పిడతకు బీరువాలో చోటిచ్చిన యింట వంకర చెప్పునకును చోటుండును. మా గురువుగారు నా మొదటి జతను త్రిప్పి చూచి, “పరవాలేదండి, నడుస్తుంది” అనిరి. ఆ మాట చెప్పునుగూర్చియే యనిరో, నన్నుగూర్చి యనిరో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. వారి మనుమడు ఇపుడు పై చదువులలో నున్నాడు. సెలవులలో వచ్చినపుడు మా యింట, మా పిల్ల ప్రక్కనే కూర్చుండి, అది కుట్టుచుండగా తప్పులు దిద్దుచుండును. పని నేర్చుకొననన్నవాడు తప్పులెట్లు దిద్దుచున్నాడని అడిగితిని. “చూస్తూ పెరిగానండి” అనెను. మన పిల్లలు ఏమి చూచుచు పెరుగుచున్నారో ప్రతి గృహస్థుడును తన వసారాలోనికి ఒకసారి తొంగి చూచుకొనును గాక.